పాత ఇల్లు కొనే ముందు కరెంటు వైరింగ్ ఎలా చూసుకోవాలి?

ఇల్లు చూడ్డానికి వెళ్తే ఈశాన్యం ఎటుందో చూస్తాం, కుళాయి తిప్పి ధార చూస్తాం, చెమ్మ ఉందేమోనని గోడ తడుముతాం. కరెంటు దగ్గరికొచ్చేసరికి ఒక స్విచ్ వేసి, లైటు వెలిగితే సరేననుకుంటాం. లైటుకు ఫేజు, న్యూట్రల్ అనే రెండు వైర్లుంటే చాలు. షాక్ నుంచి కాపాడే మూడో వైరు, అంటే ఎర్త్, లేకపోయినా అది చక్కగా వెలుగుతుంది. చిక్కంతా అక్కడే.

అడ్వాన్సు ఇవ్వకముందే, మీకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని వెంటపెట్టుకుని పగటిపూట ఓ గంట వెళ్లండి. అమ్మేవాళ్లు పిలిపించే మనిషి వద్దు. బోర్డులు విప్పడం అతని పని, చూడటం, అడగడం మీ పని.

1. బిల్లుతో మొదలుపెట్టండి

తాజా కరెంటు బిల్లు అడగండి. సర్వీసు ఎవరి పేరున ఉంది, బకాయిలున్నాయా, కాంట్రాక్టెడ్ లోడు (ఇంటికి మంజూరైన కిలోవాట్లు) ఎంత అన్నవి అందులోనే ఉంటాయి. బకాయి పాత ఓనరుదే కదా అని వదిలేయకండి. నిబంధనల్లో ఉంటే, పాత బకాయి కడితేనే కొత్త ఓనరుకు కనెక్షన్ అని డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) అడగవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

లోడు లెక్క కూడా అక్కడే వేసుకోండి. ఒకటిన్నర టన్ను ఏసీకి సుమారు ఒకటిన్నర కిలోవాట్లు, స్టోరేజీ గీజరుకు రెండు. రెండు ఏసీలు, ఒక గీజరు కలిస్తేనే ఐదు. బిల్లులో రెండు అని ఉంటే, లోడు పెంచుకునే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

2. మెయిన్ బోర్డు మూత తీయించండి

కాలిన వాసన, నల్లబడిన ప్లాస్టిక్ ఉన్నాయేమో చూడండి. ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉంటే, వాటిలో ఫ్యూజు వైరుకు బదులు లావుపాటి రాగి తీగ చుట్టారేమో చూడండి. అలా చుట్టిన ఫ్యూజు ఉన్నా లేనట్టే.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్) ఉన్నది ముఖ్యంగా వైరును కాపాడటానికి. మామూలుగా లైట్లు, ఫ్యాన్లకు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, పవర్ ప్లగ్గుకు 2.5, ఏసీకి, గీజరుకు 4 వేస్తారు. 1.5 వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, లోడు ఎక్కువైనప్పుడు ఎంసీబీ పడదు, వైరే కాలుతుంది. “మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయించామండీ” అని ఓనరు గొప్పగా చెబితే జాగ్రత్త పడండి.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే పడిపోయే స్విచ్. దానిమీద 30 ఎంఏ (మిల్లీ ఆంపియర్లు) అని ఉండాలి. ‘టి’ అనే బటన్ ఉంటుంది, ఓనరుకు చెప్పి నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే మార్చాల్సిందే.

3. ఎర్తింగ్‌ని నమ్మకండి, పరీక్షించండి

మా బావగారు కొనబోయిన ఓ పాత ఫ్లాట్‌లో మల్టీమీటరు పెడితే ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 230 వోల్టులు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య సున్నా. ఆయన మొహం వెలిగిపోయింది. ఎలక్ట్రీషియన్ మాత్రం, “ఇంత సున్నా ఎందుకొచ్చిందండీ?” అంటూ మెయిన్ ఆపి ప్లగ్గు విప్పాడు. వెనకాల వేలెడు నల్లవైరు ముక్కతో న్యూట్రల్‌ని తెచ్చి ఎర్త్ పిన్నుకు కలిపేశారు! గోడలోంచి ఆకుపచ్చ వైరన్నదే రాలేదు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే.

అందుకే మీటరు ఒక్కటే చాలదు. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో 100 వాట్ల టెస్ట్ లాంపును ఫేజుకు, ఎర్త్‌కు మధ్య పెడితే ఆర్‌సీసీబీ వెంటనే పడిపోవాలి. పడకుండా బల్బు హాయిగా వెలుగుతోందంటే ఎర్త్ దొంగది, లేదా ఆర్‌సీసీబీ పనిచేయట్లేదు. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో బల్బు మసకగా వెలిగితే ఎర్త్ బలహీనం. ఇదంతా ఎలక్ట్రీషియనే చేయాలి, మీరు చేయి పెట్టొద్దు. కిచెన్, గీజరు, వాషింగ్ మెషీన్ ప్లగ్గులను తప్పనిసరిగా చూడమనండి.

కిందకు దిగి ఎర్త్ గుంత (ఎర్త్ వైరు నేలలో కలిసే చోటు, తడిగా ఉంచాలి) కూడా చూపించమనండి. అపార్ట్‌మెంట్లలో చాలావరకు మీటర్ల దగ్గర్లోనే ఉంటుంది. దాని మీద టైల్స్ వేసేసి, “ఇక్కడే ఎక్కడో ఉందండీ” అంటే దానికి నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో అర్థం చేసుకోవచ్చు.

4. లోడు మీద నడిపి చూడండి

ఉన్న ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకేసారి వేసి ఇరవై నిమిషాలు ఆగండి. తర్వాత ప్లగ్గు టాపు మీద చేయి పెట్టండి. చురుక్కుమంటే లోపల కనెక్షన్ వదులుగా ఉండొచ్చు. లైట్లు మసకబారితే కారణం వెతకమనండి. వీలైతే 500 వోల్టుల మెగ్గర్ అనే మీటరుతో వైర్ల తొడుగు (ఇన్సులేషన్) కూడా చూడమనండి. అది ఒక మెగాఓమ్‌కు తగ్గకూడదు. ఈ పరీక్షకు మెయిన్ ఆపి, సామాన్లన్నిటి ప్లగ్గులు పీకేయాలి.

5. విడి ఇల్లయితే డాబా ఎక్కండి

11 కేవీ (11 వేల వోల్టుల) లైను పక్క నుంచి పోతుంటే అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, పైనుంచి పోతుంటే నిలువునా 3.7 మీటర్ల దూరం ఉండాలి. వైరింగ్ మార్చుకోవచ్చు గానీ లైను జరిపించడం అంత తేలిక కాదు. పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే కొలవండి.

చూసినవన్నీ ఎలక్ట్రీషియన్‌తో కాగితం మీద రాయించి ఎస్టిమేటు వేయించండి. బేరం కుదరకముందే దాన్ని ఓనరు ముందు పెట్టండి. మా బావగారు అలాగే పెట్టారు. ఓనరు ధర తగ్గించాడు. బావగారు వాళ్లు ముందు వైరింగ్ మార్పించి, ఆ తర్వాతే పెయింటింగ్ మొదలుపెట్టారు.