వీధి కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునే ముందు

ముందు ఇంట్లో అందరినీ అడగండి. కుక్క 12, 15 ఏళ్లు బతుకుతుంది. ఒక్కరి ముచ్చటతో ఆ బాధ్యత నడవదు. అద్దె ఇల్లయితే యజమానితోనూ మాట్లాడుకోండి.

రెండు నెలలు నిండని పిల్లను తల్లి నుంచి విడదీయకండి. తల్లి చనిపోతే అది వేరే సంగతి.

ఇంటికంటే ముందు పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. నులిపురుగుల మందు, పార్వో (వాంతులు, విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) టీకా, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పనిసరి. మీ ఇంట్లో ఇదివరకు పార్వోతో పిల్ల చనిపోయి ఉంటే, ఏడాది దాకా టీకాలు పూర్తికాని పిల్లను తేవద్దు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది. అది తెలియక మా వరండాలో రెండో పిల్లనూ పోగొట్టుకున్నాను. గిన్నె అంచున గడ్డం ఆనించి నీళ్లకేసి చూసింది కానీ తాగలేకపోయింది.

ఆవుపాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషం.

కుక్కపిల్ల పన్ను మీకు చిన్నగా గీసుకున్నా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం పూయవద్దు.

అందరూ మగపిల్లనే అడుగుతారు. దయచేసి ఆడపిల్లను వదిలేయకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో వైద్యుడే చెబుతారు.