యాసిడ్ లేకుండా ఇంట్లోనే ఎచింగ్ లాంటి ప్రింట్: ఖాళీ జ్యూస్ డబ్బా చాలు

చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు (ప్లేటు మీద గుంతలుగా తవ్విన గీతల్లో ఇంక్ నింపి, దాన్ని కాగితం మీదికి ఎత్తే ప్రింట్లు) దగ్గర్నుంచి చూసినప్పుడల్లా ఆ సన్నగీతలు, ఆ నలుపు ఇంట్లో మనకెలా వస్తాయిలే అనిపించేది. మామూలు ఎచింగ్ అంటే జింక్ ప్లేటుని నైట్రిక్ యాసిడ్‌లోనో, రాగి ప్లేటుని ఫెర్రిక్ క్లోరైడ్‌లోనో ముంచి గీతల్ని యాసిడ్ చేత తినిపించాలి, అద్దె ఇంట్లో పిల్లలు తిరిగే చోట అది జరిగే పని కాదు. కానీ ఇక్కడ యాసిడ్ చేసేది గుంత తవ్వడం ఒక్కటే కదా, ఆ గుంత మనం సూదితో తవ్వుకున్నా ఇంక్‌కి తేడా తెలీదు. మన చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో అట్లియే 17 అనే ప్రింట్ స్టూడియోలో పనిచేసిన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారు ప్లేట్లని శిల్పం చెక్కినట్టు పనిముట్లతో లోతులు లోతులుగా చెక్కేవారు.

ప్లేటుకి లీటరు జ్యూస్ వచ్చే టెట్రాప్యాక్ డబ్బా తీసుకోండి. కత్తిరించి విప్పి సబ్బుతో కడిగి ఆరబెడితే లోపలి వెండి వైపే మన ప్లేటు. మడత ఉన్న చోట ఇంక్ పట్టి ప్రింట్‌లో నల్లగీత పడుతుంది, వద్దనుకుంటే మడత లేని ముక్కే కోసుకోండి. నేనైతే ఒకసారి ఆ మడతనే కరెంటు తీగ చేసి మీద కాకిని కూర్చోబెట్టేశా.

గరుకు కావాల్సిన చోట ముందు ఫెవికాల్ పల్చగా రాసి జల్లించిన సన్న ఇసుక చల్లండి, ఎండిన ఆకో లేసు ముక్కో కూడా అంటించొచ్చు, కానీ ఎత్తు మరీ ఎక్కువైతే కాగితం చిరుగుతుంది. (బొంబాయి రవ్వ కూడా ట్రై చేశా, ప్రింట్ బాగానే వచ్చింది, నెల తిరిగేసరికి ప్లేటుకి పురుగు పట్టింది.) ఆరాక ఆ అంటించిన చోట్ల వరకే చెక్క సామాన్ల ఫ్రెంచ్ పాలిష్‌కి వాడే లక్క రెండు కోట్లు వేసి రాత్రంతా వదిలేయండి. గీతలు గీసేది ఆ తర్వాతే, ముందే గీస్తే లక్క పోయి గీతల్లో కూరుకుంటుంది.

గీయడానికి జామెట్రీ బాక్సులో కంపాస్ ముల్లు చాలు. సన్నగీతకి ముల్లు, బాగా నల్లగా కావాల్సిన చోట కట్టర్ బ్లేడుతో అంచు కోసి వెండి పొరని గోటితో పట్టి లాగేయండి, కింద అట్ట బయటపడుతుంది, అది ఇంక్‌ని పీల్చుకుని చిక్కటి నలుపు ఇస్తుంది. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుందని మర్చిపోకండి, అక్షరాలుంటే ఉల్టా రాయాలి. నేను మొదటి ప్లేటు మీద నా పేరు శ్రద్ధగా సుల్టా రాశా.

కాగితం వాటర్ కలర్‌కి వాడే 200 నుంచి 300 జీఎస్ఎమ్ (కాగితం మందం చెప్పే లెక్క) ది తీసుకుని నీళ్లలో ఓ 20 నిమిషాలు నానబెట్టి రెండు టవళ్ల మధ్య పెట్టి ఒత్తండి. చెంపకి ఆనిస్తే చల్లగా ఉండాలి కానీ తడి అంటకూడదు, పైన మెరుపు కనబడితే నీళ్లు ఇంకా ఎక్కువున్నట్టే. పొడి కాగితం గీతలోకి దిగి ఇంక్‌ని ఎత్తలేదు, అందుకే ఈ తంతు.

ఇక అసలు పని తుడవడం, బొమ్మ నిలబడేదైనా పాడయ్యేదైనా ఇక్కడే. ఇంక్‌కి ఆయిల్ ఎచింగ్ ఇంక్ దొరికితే సరే, లేదంటే ప్రింటింగ్ ప్రెస్‌లో వాడే ఆఫ్‌సెట్ నల్ల ఇంక్‌లో చిటికెడు సుద్దపొడి కలిపితే జిగురు తగ్గి తుడవడం తేలికవుతుంది. పాత విజిటింగ్ కార్డు ముక్కతో ఇంక్‌ని ప్లేటంతా పులిమి అన్ని వైపుల నుంచీ గీతల్లోకి తోయండి. మొదట్లో నేను పాత బనియన్ గుడ్డతో తుడిచా, మెత్తటి గుడ్డ గీతలోకి దిగి ఉన్న ఇంకంతా లాక్కొచ్చేసింది, ప్రింట్ పొగమంచులా తేలింది. గంజి పెట్టి ఎండేసిన పాత నూలు చీర ముక్క వాడాక గానీ విషయం అర్థం కాలేదు, అది బిరుసుగా ఉండి పై పైనే జారుతుంది, గుంతలో ఇంక్ గుంతలోనే ఉండిపోతుంది. ఉండలా చుట్టి గుండ్రంగా తేలిగ్గా తిప్పండి, చివర్లో న్యూస్‌పేపర్ ముక్కని అరచేతి కింద పరిచి ఒకట్రెండు సార్లు లాగితే వెలుగు కావాల్సిన చోట వెండి మళ్లీ మెరుస్తుంది. మొత్తం మెరిసేదాకా తుడవకండి, కాస్త మసక మిగిలితేనే బొమ్మకి గాలి, నీడ వస్తాయి.

ప్రెస్ లేదంటారా, పిండిని రోలర్ల మధ్య పల్చగా ఒత్తే పాస్తా మెషీన్ ఉంటే అదే ప్రెస్, ప్లేటు మాత్రం దాని రోలర్ వెడల్పులో పట్టాలి. అడుగున పల్చటి అట్ట, దాని మీద ప్లేటు, ఆపైన తడి కాగితం, అన్నిటికన్నా పైన ఫెల్ట్ గుడ్డ (ఉన్ని నొక్కి చేసే మెత్తటి మందపాటి గుడ్డ), ఇలా పేర్చి ముందు బాగా వదులు నంబర్‌తో తిప్పండి, ప్రింట్ చాలకపోతే ఒక్కో నంబర్ బిగించండి. హ్యాండిల్ మొరాయిస్తే బలవంతపెట్టొద్దు, పళ్లు విరుగుతాయి. అదీ లేకపోతే కాగితం మీద బటర్ పేపర్ వేసి స్టీలు గరిటె వెనక వైపుతో అంగుళం అంగుళం రుద్దండి, చెయ్యి నొప్పెడుతుంది, నలుపు కొంచెం తగ్గుతుంది, అయినా వస్తుంది.

కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా ఎత్తండి. గీతలు తెగితెగి ఉంటే కాగితం ఆరిపోయిందన్నా కావాలి, నొక్కు చాలలేదన్నా కావాలి, గీత పక్కకి పాకితే ఇంక్ పల్చనైనట్టు. అట్ట ప్లేటు కాబట్టి కొన్ని ప్రింట్లకే నలిగిపోతుంది, బాగున్నవి ముందే తీసి పెట్టుకోండి.

కడగడానికి వంటనూనె, తర్వాత సబ్బు, స్పిరిట్ మాత్రం వద్దు, లక్క కరిగిపోతుంది. నూనె ఇంక్ అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విప్పి బయట ఆరేయండి. ఆ పాస్తా మెషీన్‌ని మళ్లీ పిండికి మాత్రం వాడకండి, వంటింట్లోకి రానివ్వకుండా ముందే పైన మార్కర్‌తో పెద్దగా రాసేయండి.