శాన్సూయ్ ఏయూ-717 ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

1977 నాటి, చానెల్‌కు 85 వాట్ల ఈ ఆంప్లిఫైయర్ ఏళ్లుగా మూలనపడి ఉంటే నేరుగా ప్లగ్ పెట్టకండి.

- వెనక రాసిన వోల్టేజ్ చూడండి. అమెరికా నుంచి తెచ్చింది 120 వోల్టులదైతే మన 230కి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

- మూత తీశాక కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్లను 220 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో సరిచూసుకోండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు.

- బోర్డు మీద ముదురు గోధుమరంగుకి మారిన జిగురు ఉంటే ఓపిగ్గా గీకేయండి. పాతబడ్డ జిగురు విడిభాగాల కాళ్లను తినేస్తుంది, కరెంటునూ లీక్ చేస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే.

- మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును ఆంప్లిఫైయర్‌కు కరెంటు వచ్చే దారిలో సిరీస్‌లో పెట్టండి, ఎల్‌ఈడీ పనికిరాదు. వెలిగి మసకబారితే సరే. అలాగే వెలుగుతుంటే వెంటనే ఆపేయండి, ఎక్కడో షార్ట్ ఉంది.

- స్పీకర్లకు దారి కలిపే లోపలి స్విచ్ (రిలే) టక్‌మన్నాక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టులు దాటితే స్పీకర్లు తగిలించొద్దు.