పెన్సిల్వేనియా జర్మన్ పూర్వీకుడు దొరకడం లేదా? దొరికినవాడు అసలు మీవాడేనా?

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇప్పుడు వియ్యంకుల వైపు వంశవృక్షాలు కూడా తవ్వుతున్నారు. కోడలో అల్లుడో పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబం (బ్రిటిష్ రోజుల్లోనే జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డవాళ్ళు) నుంచి వస్తే, 1850 నుంచి ఇటు వైపు అంతా నల్లేరు మీద బండి నడకే. జనాభా లెక్కల్లో ఇంట్లో ఉన్న అందరి పేర్లూ ఉంటాయి. బండి ఆగేది 1775కి ముందు, అంటే బ్రిటిష్ వలస పాలన రోజుల్లో. సెన్సస్ వెతకడం, వీలునామాలు చూడటం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అవన్నీ చూశాక కూడా ఆగిపోయినవాళ్ళ కోసమే ఇది. 19వ శతాబ్దంలో బ్రెమెన్, హాంబర్గ్ రేవుల నుంచి వచ్చినవాళ్ళ సంగతి వేరు, దాన్ని ఇక్కడ కలపకండి.

ఓడ జాబితాలో పేరే లేదు

ముందు మీరు వెతుకుతున్నది ఎవరినో చూసుకోండి. ఫిలడెల్ఫియా రేవులో దిగినవాళ్ళ జాబితాలు 1727 సెప్టెంబరులో మొదలయ్యాయి. వచ్చినవాళ్ళను లెక్కపెట్టడానికి కాదు, పరదేశీయుల చేత ఇంగ్లండ్ రాజుకు విధేయత ప్రమాణం చేయించడానికి పెట్టినవి. అందుకే 16 ఏళ్ళు దాటిన మగవాళ్ళ పేర్లే ఉంటాయి. ఆడవాళ్ళ పేర్లు, పిల్లల పేర్లు రాసిన కెప్టెన్లు చాలా తక్కువ. ఆ రోజు జబ్బుతో ఓడలోనే పడి ఉన్నవాడు ప్రమాణానికి రాడు కాబట్టి అతని సంతకం కూడా ఉండదు. పదేళ్ళ పిల్లవాడిగా వచ్చినవాణ్ణి ఈ జాబితాల్లో నెలల తరబడి వెతికేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. వెతకాల్సింది వాళ్ళ నాన్నని.

మగవాడే, వయసూ సరిపోతుంది, అయినా లేడంటే ఎక్కువసార్లు స్పెల్లింగే కారణం. ఒక్కో ఓడకు మూడు జాబితాల వరకు ఉంటాయి. ఒకటి కెప్టెన్ ఇచ్చింది, మిగతా రెండూ ప్రమాణాలప్పుడు సంతకాలు పెట్టించుకున్నవి. కెప్టెన్ జాబితాలో జర్మన్ పేర్లు ఇంగ్లీషు చెవికి ఎలా వినబడితే అలా ఉంటాయి. సంతకాల జాబితాలో అదే మనిషి తన పేరు తానే రాసుకున్నాడు. 1934లో ఇవన్నీ మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి, అందులో ఒక సంపుటం నిండా ఆ సంతకాల నకళ్ళే. ఇండెక్స్ చూసి పుస్తకం మూసేయకుండా ఆ నకలు తెరిచి చూడండి. రాయడం రానివాళ్ళు గుర్తు పెడితే పక్కన గుమాస్తా పేరు రాశాడు, అక్కడ మళ్ళీ అదే తంటా. ప-బ, ట-డ, క-గ ఒకదాని చోట ఒకటి పెట్టి వెతకండి. తర్వాతి తరాల్లో పేరు ఇంగ్లీషులోకి మారిపోయిందేమో కూడా చూడాలి. త్సిమ్మర్‌మాన్ కార్పెంటర్ అయ్యాడు, ష్వార్ట్స్ బ్లాక్ అయ్యాడు, యుంగ్ యంగ్ అయ్యాడు.

1727కి ముందే వచ్చి ఉంటే ఈ జాబితాలు మీకు పనికిరావు. 1683లో క్రెఫెల్డ్ నుంచి వచ్చి జర్మన్‌టౌన్ కట్టుకున్న 13 కుటుంబాలు, 1709లో లండన్ చేరి 1710లో న్యూయార్క్‌కు పంపబడ్డ పాలటినేట్ (జర్మనీ నైరుతి ప్రాంతం) జనం, వీళ్ళెవరూ అందులో లేరు. న్యూయార్క్‌కు వచ్చినవాళ్ళకు గవర్నర్ హంటర్ రేషన్ ఇప్పించాడు, ఆ లెక్కల్లో ఇంటి పెద్దల పేర్లున్నాయి. వాళ్ళలో కొన్ని కుటుంబాలు న్యూయార్క్‌లోని స్కోహరీ లోయ నుంచి బయల్దేరి 1723లో పెన్సిల్వేనియాలోని టల్పహాకెన్ చేరాయి. మీ కుటుంబం టల్పహాకెన్‌లో తొలి రోజుల నుంచీ ఉంటే ఫిలడెల్ఫియా వదిలేసి న్యూయార్క్ వైపు వెళ్ళండి.

అన్నదమ్ములందరి పేరూ యోహానే

ఇది సమస్యే కాదు. బాప్తిస్మంలో రెండు పేర్లు పెట్టేవాళ్ళు, రెండోదే ఇంట్లో, ఊళ్ళో పిలిచే పేరు. యోహాన్ పీటర్ అంటే పీటర్, అన్నా బార్బరా అంటే బార్బరా. రెండో పేరుతో వెతకండి. స్త్రీల ఇంటిపేరు చివర "ఇన్" చేరుతుంది, ష్మిట్ కూతురో భార్యో ష్మిటిన్ అవుతుంది. అది వేరే ఇంటిపేరు కాదు.

"జర్మనీ" అని తప్ప ఊరు పేరు ఎక్కడా లేదు

ఇక్కడ అందరూ దాటేసే పని ఒకటుంది. అమెరికా వైపు చర్చి రిజిస్టర్లు పూర్తి చేయకుండా జర్మనీకి ఎగురుతారు. పెన్సిల్వేనియాలో లూథరన్లు, రిఫార్మ్‌డ్ వాళ్ళు (ప్రొటెస్టెంట్లలో రెండు శాఖలు) చాలాచోట్ల ఒకే కట్టడాన్ని పంచుకున్నారు కానీ రిజిస్టర్లు వేరు. భర్త లూథరన్, భార్య రిఫార్మ్‌డ్ అయిన ఇళ్ళు బోలెడు. పిల్లల్లో ఇద్దరు ఒక రిజిస్టర్‌లో, ముగ్గురు ఇంకోదాంట్లో దొరుకుతారు. "మావాళ్ళు లూథరన్లే" అని ఒక్కటే చూసి ఆగడం కుదరదు. పైగా ఊరూరా గుర్రం మీద తిరిగిన పాస్టర్లు సొంత రిజిస్టర్లు ఉంచుకున్నారు. యోహాన్ కాస్పర్ స్టోవర్ రిజిస్టర్ 1730 నుంచి 1779 వరకు నడిచింది. పుట్టిన ఊరు ఎక్కువగా దొరికేది భూస్థాపన నమోదుల్లో. మొరేవియన్ సంఘంలో (మరో ప్రొటెస్టెంట్ శాఖ) చేరిన కుటుంబమైతే మీ అదృష్టం, వాళ్ళు చనిపోయినవాళ్ళ జీవితకథలు రాసి పెట్టుకున్నారు, అవి పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

1740లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కింద పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఏడేళ్ళు బ్రిటిష్ వలస రాజ్యాల్లో ఉండి ఉండాలి, ప్రొటెస్టెంట్ చర్చిలో ప్రభు భోజన సంస్కారం తీసుకున్నట్టు చూపించాలి. పౌరసత్వం వచ్చిన తేదీ నుంచి ఏడేళ్ళు వెనక్కి లెక్కేస్తే, ఆ పాటికే వచ్చి ఉండాలని తెలుస్తుంది.

జర్మనీలో హాలే అనే ఊళ్ళోని ప్రొటెస్టెంట్ మిషనరీ సంస్థ ఆర్కైవ్‌ను కూడా మరవకండి. 1742లో పెన్సిల్వేనియా వచ్చిన పాస్టర్ ముహ్లెన్‌బర్గ్ ఉత్తరాలు అక్కడికే చేరేవి. తెలుగులోకి బైబిల్ అనువదించిన బెంజమిన్ షుల్జ్‌ను మద్రాసు వైపు పంపింది కూడా ఆ హాలే వాళ్ళే. మద్రాసు ఉత్తరాలూ, పెన్సిల్వేనియా ఉత్తరాలూ ఒకే సంస్థలో ఉన్నాయని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

ఊరు దొరికింది, బాప్తిస్మం దొరికింది, అన్నీ సరిపోయాయి, కానీ ఆ తర్వాత ఏదీ అతకడం లేదు

అసలు ప్రమాదం ఇదే, ఎందుకంటే సమస్య ఉన్నట్టే కనబడదు. మీ మనిషి యోహాన్ పీటర్ ష్మిట్, 1749లో ఓడ దిగాడు అనుకుందాం. పాలటినేట్‌లో ఒక ఊరి రిజిస్టర్‌లో 1722లో యోహాన్ పీటర్ ష్మిట్ బాప్తిస్మం కనిపించింది. వయసు సరిపోయింది, పేరు సరిపోయింది, ఆ ప్రాంతం నుంచి వలసలూ జరిగాయి. వెంటనే వంశవృక్షంలో ఎక్కించేస్తారు, దాన్ని చూసి ఇంకొకరు, ఆ ఇద్దర్నీ చూసి మరో పదిమంది. అన్ని చెట్లలోనూ అదే ఉంది కాబట్టి నిజమే అయి ఉంటుందని అందరూ నమ్ముతారు. కానీ ఆ పిల్లవాడు 1725లో మూడేళ్ళకే చనిపోయాడు. భూస్థాపన నమోదు చాలాసార్లు అదే పుస్తకంలో కొన్ని పేజీల తర్వాత ఉంటుంది. ఎవరూ తిప్పి చూడలేదు, అంతే.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, వెబ్‌సైట్లలో బాప్తిస్మాలకు ఇండెక్సులు ఎక్కువ, భూస్థాపనలకు తక్కువ. వెతికితే పుట్టుక వస్తుంది, చావు రాదు. ఆ కాలంలో పసితనం దాటని పిల్లలు చాలామంది. పైగా మన ఊళ్ళలో తాత పేరు మనవళ్ళందరికీ తిరిగినట్టు, అక్కడ జ్ఞానపిత పేరు పిల్లవాడికి పెట్టేవాళ్ళు, దాంతో ఒకే ఊళ్ళో ఒకే పేరుతో ముగ్గురు నలుగురు తేలిగ్గా ఉంటారు.

అందుకని బాప్తిస్మం దొరికిన రోజు సంబరపడకండి, పని అప్పుడే మొదలైంది. ముందు ఆ నమోదు పక్కన మార్జిన్‌లో చిన్న శిలువ గుర్తు ఉందేమో చూడండి. పిల్లవాడు చనిపోతే చాలామంది పాస్టర్లు తర్వాత ఆ గుర్తు పెట్టేవాళ్ళు. గుర్తు లేకపోతే బతికున్నాడని కాదు, కొందరు పెట్టలేదు. అందుకే బాప్తిస్మం తేదీ నుంచి ఓడ తేదీ దాకా భూస్థాపన పేజీలు ఒక్కొక్కటీ చదవాలి. పాత జర్మన్ చేతిరాత కష్టమే, కానీ మీకు కావాల్సింది ఒక్క ఇంటిపేరు, దాని ఆకారం కన్నుకు అలవాటైతే పేజీలు వేగంగా సాగుతాయి. అదే తల్లిదండ్రులకు తర్వాత పుట్టిన పిల్లవాడికి మళ్ళీ అదే పేరు పెట్టారంటే మొదటివాడు దాదాపు ఖాయంగా పోయాడు.

తర్వాత కన్ఫర్మేషన్ (పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్ళు ఎదిగాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే సంస్కారం) జాబితా చూడండి. పద్నాలుగేళ్ళ వయసుకు పేరు అందులో ఉంటే అప్పటిదాకా బతికున్నాడు. ఆపైన పెళ్ళిళ్ళు. 1749 తర్వాత కూడా అదే ఊళ్ళో అతని పిల్లలకు బాప్తిస్మాలు జరుగుతుంటే అతను ఓడ ఎక్కనే లేదు. మీవాడు నిజంగా అతనే అయితే, ఆ ఊరి రిజిస్టర్లో ఓడకు కొంచెం ముందు దాకా కనిపించి, ఆ తర్వాత మాయమైపోవాలి. కొందరు పాస్టర్లు "పెన్సిల్వేనియా వెళ్ళాడు" అని పక్కన రాశారు కూడా. చాలాచోట్ల ఊరు వదలాలంటే ఆ ప్రాంతాన్ని ఏలే ప్రభువు అనుమతి తీసుకుని, రుసుం కట్టాలి. నైరుతి జర్మనీలోని బాడెన్ వైపు ఊళ్ళైతే అలాంటి కాగితాలు కార్ల్స్‌రూహె ఆర్కైవ్‌లో వెతకొచ్చు. దొంగచాటుగా వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు కాబట్టి, అనుమతి కాగితం లేదంటే వెళ్ళలేదని అనుకోకూడదు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మాత్రం చుట్టూ ఉన్న మనుషులే. పెన్సిల్వేనియాలో అతని పిల్లలకు జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడినవాళ్ళెవరు, ఓడ జాబితాలో అతని పైనా కిందా సంతకం పెట్టినవాళ్ళెవరు, పక్క పొలం ఎవరిది? ఆ ఇంటిపేర్లు జర్మనీలోని ఆ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో కనిపించాలి. ఒక్కటి కూడా కనిపించకపోతే ఆ బాప్తిస్మం ఎంత అందంగా అతికినా పక్కన పెట్టేయండి. భార్య పేరు కూడా రెండు వైపులా కలవాలి. అతని భూస్థాపన నమోదులో వయసు ఏళ్ళు, నెలలు, రోజులతో సహా రాసి ఉంటే, వెనక్కి లెక్కేసి పుట్టిన తేదీ తీసి బాప్తిస్మంతో పోల్చండి.

అరుదుగా

తేదీల్లో 11 రోజుల తేడా వస్తే కంగారు పడొద్దు. ఇంగ్లీషు కోర్టు కాగితాలు 1752 దాకా, కొత్తదాని కన్నా 11 రోజులు వెనక ఉన్న పాత క్యాలెండర్‌లో ఉన్నాయి, వాటిలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలవుతుంది. వచ్చాక కొన్నేళ్ళు పన్నుల జాబితాలో లేకపోతే, ఓడ ఖర్చు తీర్చడానికి ఎవరి దగ్గరో ఒప్పందం మీద పనిచేస్తూ ఉండొచ్చు. 1776 తర్వాతే హఠాత్తుగా కనిపిస్తే, బ్రిటిష్ వాళ్ళు అద్దెకు తెచ్చి, ఇక్కడే ఉండిపోయిన హెస్సియన్ (జర్మన్) సైనికుడేమో చూడండి. వలసదారులను తనిఖీ చేసిన న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో పేరు మార్చేశారన్న కథ మాత్రం ఈ కాలానికి పట్టించుకోకండి, అది తెరిచింది 1892లో.