రంగును చదవడం – 3వ పాఠం: మిరప ఎరుపు, చిలుక పచ్చదనం

గత రెండు పాఠాల్లో ఆకుల, పువ్వుల ఛాయలను గమనించి రాసుకోవడం సాధన చేశాం. ఈసారి ఒక్కటే ప్రశ్న: కనిపిస్తున్న రంగు ఒక పదార్థం వల్ల వచ్చిందా, లేక ఒంటి సూక్ష్మ నిర్మాణం వల్ల వచ్చిందా? ఇది తేల్చుకోకుండా ఆ రంగు ఎందుకు పుట్టిందో చర్చించడానికి కూర్చుంటే మిగిలేది ఊహాగానమే.

ముందు మిరప. గుంటూరు చుట్టుపక్కల ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల్లో ఆరబోసిన కాయలు మీరు చూసే ఉంటారు. పచ్చికాయలో ఉండే పత్రహరితం కాయ పండే కొద్దీ విరిగిపోతుంది. దాని చోట క్యాప్సాంథిన్ అనే కెరోటినాయిడ్ పేరుకుంటుంది. ఇది వర్ణకం, అంటే రంగు గల పదార్థం. ఎండకూ గాలికీ అది క్రమంగా పాడవుతుంది. కాయలను శీతల గిడ్డంగుల్లో దాచడానికి రంగు నిలబెట్టుకోవడం కూడా ఒక కారణం.

పరీక్ష చేద్దాం. ఎండుమిరప తొక్కను నలిపి కొంత నీళ్ళలో, కొంత గోరువెచ్చని నూనెలో వేయండి. నూనె ఎర్రబడుతుంది, నీళ్ళకు పెద్దగా రంగు దిగదు. ఆవకాయ జాడీలో పైకి తేలే నూనెకు ఆ ఎరుపు ఇలా వచ్చిందే. ఇప్పుడు ఎర్ర మందార రేకులు తీసుకోండి. వాటిలోని ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు నీటిలోనే కరుగుతాయి. ఆ నీళ్ళలో నిమ్మరసం పిండితే ఎరుపు తేటపడుతుంది, వంటసోడా కలిపితే రంగు నీలం, ఆకుపచ్చల వైపు జరుగుతుంది. రంగు ఇలా విడిగా దిగితే అది వర్ణకమే. దిగనంత మాత్రాన నిర్మాణమని రాసేయకండి. కాకి ఈకలోని నలుపు మెలనిన్ అనే వర్ణకమే అయినా నీటికీ నూనెకూ లొంగదు.

ఇక చిలుక దగ్గరికి వద్దాం. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ఎంపికైన రామచిలుక ఈకల్లో ఆకుపచ్చ వర్ణకం లేదు! నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. ఈకకు మూలపదార్థమైన కెరటిన్ అనే ప్రోటీన్‌లో అతి సన్నని గాలి ఖాళీలు ఒక క్రమంలో ఉంటాయి. వాటి వల్ల నీలి కాంతి ఎక్కువగా వెనక్కి చెదురుతుంది. పైపొరలో చిలుక తన ఒంట్లోనే తయారు చేసుకునే పసుపు వర్ణకం ఉంటుంది. ఆ నీలం, ఈ పసుపు కలిసి మన కంటికి పచ్చదనమవుతాయి. ఆ పసుపు తయారు కాని చిలుకలు నీలంగా పుడతాయి. పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు మాత్రం తిండి నుంచి వచ్చేది.

పాలపిట్ట నీలం, లకుముకి వీపు నీలం కూడా నిర్మాణం వల్లనే. రాలిన ఈక దొరికితే ముందు వెలుతురు మీ వెనుక ఉండేలా చూడండి. తర్వాత ఈకను కిటికీకి అడ్డంగా పట్టి, వెలుగు దానిలోంచి మీ వైపు వచ్చేలా చూడండి. నీలం తగ్గి మట్టి రంగు తేలితే అది నిర్మాణం. నెమలి ఈకనైతే అటూ ఇటూ వంచి చూడండి, కోణంతో పాటు రంగు మారుతుంది. చూశాక ఈకను అక్కడే వదిలేయండి. చిలుకలను పట్టడం, పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోండి.

మరి మిరప ఎర్రబడేది ఎవరి కోసం? ఈ మొక్క మనది కాదు, పోర్చుగీసుల ద్వారా అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అక్కడి అడవి మిరపపై 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎలుక జాతి జంతువులు తిన్న విత్తనాలు మొలకెత్తలేదు, పక్షులు తిన్నవి మొలకెత్తాయి. పక్షుల కంట్లో నాలుగు రకాల రంగు గ్రాహకాలున్నాయి. పచ్చని ఆకుల మధ్య ఎర్రని కాయ వాటికి ఇట్టే కనిపిస్తుంది. పైగా కారం వాటి నోటికి తెలియదు. ఎలుకలకు ఎరుపు సరిగా ఆనదు, కారం మాత్రం బాగా తెలుస్తుంది. రమ్మనే రంగు, పొమ్మనే రుచి ఒకే కాయలో ఉన్నాయి.

ఈ వారం ఇంటి చుట్టూ కనిపించే ఏవైనా ఐదు రంగులు ఎంచుకుని, ఒక్కొక్కటీ వర్ణకమో నిర్మాణమో, ఏ పరీక్షతో తేల్చారో రాయండి. తేలనిదాన్ని ఖాళీగా వదిలేయండి. పెరట్లో కరివేపాకు చెట్టు ఉంటే లేత ఆకులపై పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగుల కోసం వెతకండి. దొరికితే దులపకండి, వచ్చే పాఠానికి అవి కావాలి.