తక్కువ ఖర్చుతో కార్బురేటర్ బండి నడకను సరిచేయడం ఎలా?

బండి పికప్ తగ్గినా, యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్ టపటపమన్నా చాలామంది నేరుగా స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి ఏదో ఒకటి కొనుక్కొస్తారు. పెట్రోలు పైపుకు బిగించే అయస్కాంతాలు, గాలిని సుడి తిప్పుతాయని అమ్మే రేకు ఫ్యాన్లు, ట్యాంకులో పోసే సీసా మందులు ఇలా కొన్నవే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి సాధనాలను వందకు పైగా పరీక్షించి, వాటిలో ప్రయోజనం ఉన్నవి చాలా కొద్దేననీ, ఆ ప్రయోజనం కూడా స్వల్పమేననీ తేల్చింది. పరీక్షించినవాటిలో పైపుకు కట్టే అయస్కాంతాలూ ఉన్నాయి. ఇంధనం విషయంలో చవకగా చేయగలిగి, నిజంగా తేడా చూపే పనులు మూడే: మిక్స్చర్ స్క్రూను (గాలి, పెట్రోలు పాళ్లను సరిచేసే మర) సరైన చోట నిలపడం, అవసరమైతే పైలట్ జెట్టును (తక్కువ యాక్సిలరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) ఒక్క సైజు మార్చడం, కార్బురేటర్ లోపల పెట్రోలు దారిని తెరిచి మూసే సూదిని కొద్దిగా పైకి లేపడం. వీటివల్ల బండి గరిష్ఠ వేగం పెరగదు. ట్రాఫిక్‌లో కుదుపు లేకుండా కదలడం, చలికాలం ఉదయం త్వరగా అందుకోవడం, యాక్సిలరేటర్ తిప్పగానే తడబడకుండా లాగడం మాత్రం కళ్లకు కనిపించేంత మెరుగుపడతాయి.

ఇదంతా కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న బళ్ల గురించే. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన దగ్గర అమ్మే మోటార్ సైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. వాటిలో సెన్సర్ తీగకు రెసిస్టర్ అతికించి ఇ.సి.యు.ను (పెట్రోలు ఎంత చిమ్మాలో లెక్కించే చిన్న కంప్యూటర్) మభ్యపెట్టే పరికరాలను పెట్టకూడదు. నిలకడ వేగంలో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాను గుర్తించి మళ్లీ పాత స్థితికే తెస్తుంది కాబట్టి పెట్టిన ఖర్చు అక్కడికే పోతుంది.

కార్బురేటర్‌కు ఆ సెన్సర్ లేకపోవడమే ఇప్పుడు మన సమస్యకు మూలం. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలుకు 13.5 గ్రాముల దగ్గర సరిపోతుంది, ఎందుకంటే ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది. పాత పెట్రోలును లెక్కలో పెట్టుకుని జెట్లు బిగించిన బండిలో ఇ20 పోస్తే, అదే రంధ్రం గుండా దాదాపు అంతే ఇంధనం వస్తుంది గానీ మిశ్రమం మాత్రం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అవుతుంది. కాలుష్య పరిమితుల కోసం కంపెనీలోనే కాస్త లీన్‌గా కట్టి (ట్యూన్ చేసి) పంపిన బీఎస్ 4 బళ్లలో ఈ తేడా మరింత బాగా తెలుస్తుంది. చిన్న జెట్టు మార్పు ఈ బళ్లకు పనికిరావడానికి కారణం ఇదే.

సిద్ధం చేసుకోవలసినవి

మంచి స్క్రూడ్రైవర్, చిన్న స్పానర్లు, కాగితం టేపు, కార్బురేటర్ క్లీనర్, ఒక నోట్ పుస్తకం, ఒక టేబుల్ ఫ్యాన్ ఉంటే చాలు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, ప్లగ్గు గ్యాపు, టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) మాన్యువల్ ప్రకారం సరిచూడండి. కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న రబ్బరును వంచి చూసి పగుళ్లుంటే కొత్తది వేయండి, ఎందుకంటే అక్కడ గాలి లోపలికి దూరుతుంటే తర్వాత చేసే పని అంతా వృథా. టపటప శబ్దమే మీ ఫిర్యాదైతే సైలెన్సర్ పైపు ఇంజిన్‌ను కలిసేచోట గ్యాస్కెట్ కూడా చూడండి.

ఫిల్టర్ డబ్బా తీసేసి బయట కనిపించే కోన్ ఫిల్టర్ పెట్టడం నేను ఒప్పుకోను. అది గాలిని పెంచి మిశ్రమాన్ని ఇంకా లీన్ చేస్తుంది, మన రోడ్ల దుమ్మును ఇంజిన్‌లోకి పంపి పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

లోపం ఎక్కడుందో పట్టుకోవడం

యాక్సిలరేటర్ గ్రిప్పు మీదా, దాని పక్కన కదలని భాగం మీదా కాగితం టేపు అంటించి పావు, సగం, ముప్పావు దగ్గర గీతలు పెట్టండి. మూత (యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకుని గాలిని లోపలికి వదిలే భాగం) దాదాపు మూసి ఉన్నప్పటి నుంచి పావు వరకు పైలట్ జెట్టు, మిక్స్చర్ స్క్రూలదే ప్రధాన పాత్ర. పావు నుంచి ముప్పావు వరకు సూది, ఆ పైన మెయిన్ జెట్టు. బండి ఏ గీత దగ్గర తడబడుతోందో అక్కడి భాగాన్నే ముట్టుకోవాలి. ఊళ్లో నడిచే బండి ఎక్కువ సమయం పావు గీత లోపలే ఉంటుంది, అయినా పికప్ లేదనగానే ముందుగా మెయిన్ జెట్టు పెద్దది వేసే మెకానిక్‌లే ఎక్కువ. అలా వేశాక తడబాటు ఉన్నచోటే ఉంటుంది, పెద్ద రోడ్డు మీద మైలేజీ మాత్రం పడిపోతుంది.

మిక్స్చర్ స్క్రూ: తొందరపడకూడని పని

ఇక్కడే అందరూ చెడగొడతారు కాబట్టి ఈ భాగాన్ని రెండుసార్లు చదివిన తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

మొదటగా మీ కార్బురేటర్‌లో ఉన్నది ఏ రకం స్క్రూనో తెలుసుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉన్నది ఎయిర్ స్క్రూ. దాన్ని లోపలికి బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, బయటికి విప్పితే లీన్ అవుతుంది. పాత బుల్లెట్‌లో ఉండే మిక్‌కార్బ్ వి.ఎం. రకం ఇలాంటిదే. ఇంజిన్ వైపు ఉన్నది ఫ్యూయల్ స్క్రూ. దాన్ని బయటికి విప్పితేనే రిచ్ అవుతుంది. డయాఫ్రమ్‌తో (పలచటి రబ్బరు పొర) పనిచేసే సి.వి. రకం కార్బురేటర్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. ఒకదాని పద్ధతిని రెండోదానికి వాడితే, లీన్‌గా ఉన్న బండిని ఇంకా లీన్ చేసి వేడెక్కించినట్లవుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ నడిచే వేగాన్ని (ఐడిలింగ్) సరిచేసే, పెద్ద స్ప్రింగు ఉన్న ఐడిలింగ్ స్క్రూ ఈ రెండూ కాదు. దానికి మిశ్రమంతో సంబంధం లేదు.

రెండోది, ఇప్పుడున్న స్థానాన్ని రాసుకోవడం. స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతూ, మొన అడుగున ఆనినట్లు వేళ్లకు తెలియగానే ఆపేయాలి. బిగించకూడదు. స్క్రూ మొన సన్నగా చెక్కిన ఇత్తడి ముక్క. బలంగా తిప్పితే మొన చుట్టూ గాడి పడుతుంది, ఒక్కోసారి విరిగి రంధ్రంలో ఉండిపోతుంది, అప్పుడు కార్బురేటరే మార్చవలసి వస్తుంది. అందుకే చివరి పావు చుట్టును స్క్రూడ్రైవర్ పిడితో కాకుండా కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాలి. లెక్క పుస్తకంలో రాసి, స్క్రూను మళ్లీ అన్ని చుట్లే విప్పి యథాస్థానానికి తీసుకురండి.

మూడోది వేడి. పది నిమిషాలైనా రోడ్డు మీద నడిపి వచ్చిన బండినే కట్టాలి. స్టాండు మీద ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచితే సరిపోదు. ఆ తర్వాత ఇంజిన్ ఎదుట టేబుల్ ఫ్యాన్ పెట్టండి, ఎందుకంటే గాలితో చల్లబడే ఇంజిన్ నిలబడి నడిస్తే అతిగా వేడెక్కి, మీరు వింటున్న శబ్దమే మారిపోతుంది. మే నెల మధ్యాహ్నం ఈ పని చేయవద్దు. ఎండకు గాలి పలచబడి మిశ్రమం రిచ్‌గా అనిపిస్తుంది, మీరు లీన్ వైపు తిప్పుతారు, అదే బండి జనవరి ఉదయం స్టార్టు కాక విసిగిస్తుంది.

ఇప్పుడు ఐడిలింగ్ కొంచెం పెంచి, మిక్స్చర్ స్క్రూను ఒక దిశలో ఎనిమిదో వంతు చుట్టు తిప్పి ఆగండి. ఇంజిన్ ఆ మార్పును అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లు ఆగకపోవడం వల్లే ఎక్కువమంది సరైన చోటును దాటిపోతారు. అలాగే కొద్దికొద్దిగా తిప్పుతూ వెళితే ఇంజిన్ వేగం పెరిగి, ఒక చోట నిలిచి, తర్వాత తగ్గుతుంది. తగ్గడం మొదలైన స్థానాన్ని గుర్తుపెట్టుకుని వెనక్కి తిరిగి, రెండో వైపు ఎక్కడ తగ్గుతుందో చూడండి. ఆ రెండింటి నడుమ ఉన్నదే సరైన చోటు. అక్కడి నుంచి రిచ్ వైపు ఒక్క ఎనిమిదో వంతు జరిపి, ఐడిలింగ్‌ను మళ్లీ మామూలుకు దించండి.

చివరగా యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తిప్పి వదలండి. ఇంజిన్ వేగం పైనే కాసేపు వేలాడి ఆలస్యంగా దిగితే ఇంకా లీన్‌గా ఉందని అర్థం. మామూలు కన్నా కిందికి పడి, ఆగిపోబోయి మళ్లీ లేస్తే రిచ్ అయిందని అర్థం. యాక్సిలరేటర్ పట్టుకుని బండిని గట్టిగా రేజ్ చేస్తూ చెవితో స్క్రూ కట్టే పద్ధతి తప్పు, ఎందుకంటే మూత అంతగా తెరిచినప్పుడు పనిచేసేది మీరు తిప్పుతున్న స్క్రూ కానే కాదు.

పైలట్ జెట్టు, సూది

ఎయిర్ స్క్రూను అడుగు నుంచి ఒక్క చుట్టు విప్పేలోపే సరైన చోటు వస్తే పైలట్ జెట్టు చిన్నదైందని, రెండున్నర చుట్లు దాటితే పెద్దదైందని తెలుసుకోండి. ఫ్యూయల్ స్క్రూకు ఇది తిరగబడుతుంది. జెట్టు ఒక్క సైజే మార్చాలి, అదీ అదే కంపెనీ కార్బురేటర్‌కు తయారైనది కావాలి, ఎందుకంటే అందరూ ఒకే కొలతతో నంబర్లు వేయరు. ఉన్న జెట్టునే తీగతో పొడిచి పెద్దది చేయడం ఎప్పుడూ కూడదు. పని మొదలుపెట్టే ముందు ఇంజిన్ చల్లారనిచ్చి, పెట్రోలు కాక్ మూసి, గాలి ఆడే చోట నిప్పుకు దూరంగా కూర్చోండి. జెట్టు మారాక స్క్రూను మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

పావు నుంచి ముప్పావు మధ్య తడబాటు ఉంటేనే సూది జోలికి వెళ్లండి. వి.ఎం. రకంలో సూది గాళ్లలో క్లిప్పును ఒక గాడి కిందికి మారిస్తే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. గాళ్లు లేని సి.వి. సూదికి అర మిల్లీమీటరు మందం ఉన్న చిన్న వాషర్ ఒకటి వేస్తే సరిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు డయాఫ్రమ్ అంచు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

సరిచూసుకోవడం

ఒకసారికి ఒక్క మార్పే చేసి, గ్రిప్పు మీద టేపు ఉండగానే రోజూ వెళ్లే దారిలో నడిపి చూడండి. ప్లగ్గు రంగు చూసి తేల్చేయడం కన్నా పొల్యూషన్ కేంద్రానికి వెళ్లడమే నాకు నమ్మకం. సర్టిఫికెట్ మీద కార్బన్ మోనాక్సైడ్ శాతం అచ్చవుతుంది, అది ఐడిలింగ్ మిశ్రమం గురించి చెవి చెప్పలేనిది చెబుతుంది. 2000 మార్చి తర్వాత తయారై, బీఎస్ 6 కన్నా ముందు వచ్చిన ఫోర్ స్ట్రోక్ బండికి ఆ పరిమితి 3.5 శాతం. అంకె పరిమితి దాకా వచ్చిందంటే స్క్రూను ఎనిమిదో వంతు లీన్ వైపు జరిపి మళ్లీ కొలిపించండి. ఒక ట్యాంకు పెట్రోలు అయిపోయాక మైలేజీ మునుపటికన్నా బాగా పడిపోయి, ప్లగ్గు మీద పొడి నల్ల మసి కనిపిస్తే ఆఖరున చేసిన మార్పును తీసేసి, పుస్తకంలో రాసుకున్న పాత లెక్కకు వెళ్లండి.