ఉద్యోగం చేస్తూ అమెరికాలో మెడిసిన్‌కి వెళ్లాలంటే అప్లికేషన్ ఎప్పుడు వేయాలి?

ఐటీలో పదేళ్లు చేసి, ముప్పై దాటాక, "ఇక చాలు, నేను డాక్టర్‌నవుతా" అనుకునేవాళ్లు అమెరికాలో ఉన్నారు, అందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇక్కడి మెడికల్ కాలేజీలకు గరిష్ఠ వయసు అంటూ ఏమీ లేదు కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు. చాలామంది దెబ్బతినేది క్యాలెండర్ దగ్గర. మనకు పరీక్ష, ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు అనే వరస అలవాటు, అందుకని ముందు ఎంక్యాట్ (ఇక్కడి మెడిసిన్ ప్రవేశ పరీక్ష) పుస్తకాలు కొనేసి, స్కోరు వచ్చాక మిగతాది చూసుకుందాంలే అనుకుంటారు. ఇక్కడ చాలా కాలేజీలది రోలింగ్ పద్ధతి. అంటే వచ్చిన ఫైళ్లు వచ్చినట్టే చదువుతూ, ఇంటర్వ్యూలకు పిలుస్తూ, సీట్లు నింపుకుంటూ పోతారు. జూన్‌లో వెళ్లాల్సిన ఫైలు అక్టోబర్‌లో వెళ్తే అప్పటికే చాలా ఇంటర్వ్యూ తేదీలు అయిపోయి ఉంటాయి. కాబట్టి అన్నీ సిద్ధమయ్యాక, ఒక్కసారే, జూన్‌లో వేయండి. ఈ జూన్ కుదరకపోతే వచ్చే జూన్.

ముందు వీసా సంగతి

కెమిస్ట్రీ క్లాసు ఫీజు కట్టేముందు తేల్చుకోవాల్సింది ఇదే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను కాలేజీలు మామూలుగా అమెరికన్లతో సమానంగానే చూస్తాయి. హెచ్‌1బీ, హెచ్‌4 మీద ఉంటే ఎక్కువ చోట్ల అంతర్జాతీయ విద్యార్థి కిందే లెక్క, అలాంటివాళ్లను చాలా కాలేజీలు అసలు తీసుకోవు, తీసుకునేవాటిలో కొన్ని ఏడాది ఫీజో నాలుగేళ్ల ఫీజో ముందే డిపాజిట్ చేసి చూపించమంటాయి. గ్రీన్‌కార్డు ఒకటి రెండేళ్లలో వచ్చేలా ఉంటే అప్లికేషన్‌ని దాని వెనక్కి జరపడమే మంచిది. ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం చెప్పే తేదీ, ఎక్కడో దూరంగా ఉంటే, అంతర్జాతీయ విద్యార్థులను తీసుకునే కాలేజీల జాబితా ముందే రాసుకుని, అది ఎంత చిన్నదో చూశాకే ఉద్యోగం సంగతి ఆలోచించండి.

రెండోది మన బీటెక్. ఆమ్‌కాస్, అంటే ఎక్కువ ఎండీ (ఇక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టర్ డిగ్రీ) కాలేజీలు వాడే ఉమ్మడి అప్లికేషన్, ఇండియాలో చదివిన మార్కులను జీపీఏలో కలపదు. చాలా కాలేజీలు అమెరికాలోనో కెనడాలోనో చదివిన డిగ్రీ గానీ, కనీసం 90 క్రెడిట్లు గానీ ఉండాలంటాయి. ఇక్కడ చేసిన ఎంఎస్ జీపీఏ విడిగా చూపిస్తారు, అది డిగ్రీ లోటును పూడుస్తుందా లేదా అన్నది కాలేజీ కాలేజీకి మారుతుంది. ఏ కాలేజీ ఏం అడుగుతుందో ఏఏఎంసీ (మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ల ఎమ్‌సార్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఉంటుంది. కొద్దిపాటి చందా కట్టాలి, కట్టేయండి. అనుమానం ఉన్నచోట అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. ఇక్కడ తేడా వస్తే మీ లెక్క ఏడాదో రెండేళ్లో సాగుతుంది, కొందరికి ఇంకో డిగ్రీయే చేయాల్సి వస్తుంది.

జూన్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మామూలుగా అడిగే కోర్సులు: బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కోటి ఏడాది చొప్పున ల్యాబ్‌తో సహా, తర్వాత బయోకెమిస్ట్రీ. ఇంగ్లీష్, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటివి కాలేజీని బట్టి ఉంటాయి. ఇందులో కాలాన్ని నిర్ణయించేది కెమిస్ట్రీ. జనరల్ రెండు సెమిస్టర్లు అయితేగానీ ఆర్గానిక్‌లో కూర్చోనివ్వరు, ఆర్గానిక్ అయితేగానీ సాధారణంగా బయోకెమిస్ట్రీ ఇవ్వరు, అంటే వరసగా ఐదు సెమిస్టర్లు. ఎంత తెలివైనవాళ్లైనా దీన్ని నొక్కి చిన్నది చేయడం కష్టం, వేసవి క్లాసులతో కొంచెం తగ్గించుకోవచ్చు, కానీ ఆరు వారాల్లో ఆర్గానిక్ చదివి బీ మైనస్ తెచ్చుకోవడం కన్నా మెల్లగా చదివి ఏ తెచ్చుకోవడమే మేలు. అమెరికాలో మీరు చదివిన ప్రతి కాలేజీ కోర్సూ, కమ్యూనిటీ కాలేజీతో సహా, అప్లికేషన్‌లో చూపించాల్సిందే. మళ్లీ రాసి మంచి గ్రేడు తెచ్చుకున్నా పాతది చెరిగిపోదు.

ఉద్యోగం చేస్తూ సెమిస్టర్‌కు రెండేసి కోర్సుల చొప్పున 2026 ఆగస్టులో మొదలుపెట్టారనుకుందాం. 2028 మే కల్లా రెండు కెమిస్ట్రీలు, బయాలజీ, ఫిజిక్స్ అవుతాయి. ఆ శరదృతువు సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ. 2029 వసంతంలో ఎంక్యాట్, జూన్‌లో అప్లికేషన్, 2030 ఆగస్టులో కాలేజీ. మొదలుపెట్టినప్పుడు 32 ఏళ్లుంటే చేరేసరికి 36, డిగ్రీ చేతికొచ్చేసరికి 40, ఫ్యామిలీ మెడిసిన్ లాంటి మూడేళ్ల రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత హాస్పిటల్‌లో చేసే శిక్షణ) ముగిసేసరికి 43. ఈ అంకెలు కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. సర్జరీ వైపు మనసుంటే ఇంకో రెండు నాలుగేళ్లు కలపండి.

ఉద్యోగం పూర్తిగా మానేసి చదివితే ఇందులో ఒక ఏడాది మిగలొచ్చు. బ్రిన్ మార్, గౌచర్, జాన్స్ హాప్‌కిన్స్ లాంటి చోట్ల సైన్స్ చదవనివాళ్ల కోసమే పోస్ట్‌బ్యాక్ (డిగ్రీ తర్వాత ఈ కోర్సులు చదివించే) ప్రోగ్రాములు ఉన్నాయి, వాటిలో కొన్నింటికి లింకేజ్ ఉంటుంది. అంటే కోర్సులు అయిన ఆగస్టులోనే నేరుగా మెడికల్ కాలేజీలో చేరిపోవచ్చు, మధ్యలో ఖాళీ ఏడాది ఉండదు. బదులుగా ఆ ఒక్క కాలేజీకే మాట ఇచ్చేయాలి. ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. హెచ్‌1బీ మీదున్నవాళ్లు ఉద్యోగం ఉంచుకుని సాయంత్రం క్లాసులకు వెళ్లొచ్చు, మానేస్తే స్టేటస్ మార్చుకోవాలి కాబట్టి ఆ అడుగు వేసేముందు లాయర్‌ని కలవండి.

ఎంక్యాట్

జనవరిలో కొన్ని తేదీలు, ఆ తర్వాత వసంతం నుంచి సెప్టెంబర్ వరకు తేదీలు ఉంటాయి, ఫలితానికి దాదాపు నెల పడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో రాస్తే జూన్ నాటికి స్కోరు చేతిలో ఉంటుంది, ఏ కాలేజీలకు వేయాలో తెలుస్తుంది. మరీ ముందు రాయకండి, ఎందుకంటే చాలా కాలేజీలు మూడేళ్ల లోపు స్కోరే ఒప్పుకుంటాయి, కొన్ని రెండేళ్లే. ఊరికే ఒకసారి రాసి చూద్దాం అన్న ఆలోచన కూడా వద్దు. ఒక ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు మించి రాయనివ్వరు, ప్రతి స్కోరూ కాలేజీలకు కనిపిస్తుంది. మన దగ్గర లాంగ్‌టర్మ్ తీసుకుని రెండోసారి ర్యాంకు కొడితే మొదటి ర్యాంకు ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ అలా కాదు, రెండోసారి అప్లై చేసినవాళ్లని "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?" అని అడుగుతారు.

లెటర్లు, హాస్పిటల్ గంటలు

ఇవి కోర్సులతో పాటే నడవాలి, చివరి ఆర్నెల్లలో పోగుచేస్తే తెలిసిపోతుంది. ఎక్కువ చోట్ల ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్ల సిఫార్సు లెటర్లు అడుగుతారు. సాయంత్రం క్లాసుకి ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి, అయిపోగానే పార్కింగ్‌లోకి వెళ్లిపోతే ఆ ప్రొఫెసర్‌కి మీ పేరు కూడా గుర్తుండదు. ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి, సెమిస్టర్ అయిన వెంటనే అడగండి. రెండేళ్ల తర్వాత అడిగితే ఆ మనిషి ఆ కాలేజీలోనే ఉంటారన్న నమ్మకం లేదు. ఆఫీసులో మేనేజర్ లెటర్ కూడా పనికొస్తుంది, అయితే మీరు వెళ్లిపోతున్నారని ఆయనకి తెలిసిపోతుంది, అది ఎప్పుడు తెలియాలో మీరే చూసుకోండి.

హాస్పిటల్‌లోనో హాస్పిస్‌లోనో (చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే చోటు) వాలంటీర్‌గా వారానికి మూడు నాలుగు గంటలు, రెండేళ్లపాటు, మానకుండా. స్క్రైబ్ (డాక్టర్ పక్కనుండి రోగి వివరాలు రాసిపెట్టే పని) లాంటి జీతం పని మంచిదే కానీ హెచ్‌1బీ వాళ్లు, వర్క్ పర్మిట్ లేని హెచ్‌4 వాళ్లు దాని జోలికి పోకూడదు.

మే నుంచి సెప్టెంబర్ దాకా

ఆమ్‌కాస్ మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర లేదా జూన్ మొదట్లో సబ్మిట్ చేయనిస్తారు, జూన్ చివర్లో ఫైళ్లు కాలేజీలకు వెళ్లడం మొదలవుతుంది. మధ్యలో వెరిఫికేషన్ ఉంటుంది, మీరు ఎక్కించిన ప్రతి కోర్సునీ ట్రాన్‌స్క్రిప్ట్‌తో సరిచూస్తారు, రద్దీలో ఇది నెలన్నర దాకా సాగుతుంది. ట్రాన్‌స్క్రిప్టులన్నీ చేరితేగానీ ఆ క్యూ కదలదు. వసంతం సెమిస్టర్ గ్రేడ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడ్డాకే తెప్పించండి, సబ్మిట్ చేశాక వచ్చిన గ్రేడ్లు ఆ జీపీఏలో కలవవు. ఎంక్యాట్ మేలో రాసి స్కోరు ఇంకా రాకపోతే ఒకే ఒక్క కాలేజీ పెట్టి సబ్మిట్ చేసేయండి. వెరిఫికేషన్ నడుస్తూ ఉంటుంది, స్కోరు చూసుకున్నాక మిగతా కాలేజీలు కలుపుకోవచ్చు. లెటర్లు ఆలస్యమైనా వెరిఫికేషన్ ఆగదు.

ఆమ్‌కాస్‌లో డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నారో రాసే వ్యాసానికి 5,300 అక్షరాలే, ఖాళీలతో కలిపి. పాత ఉద్యోగాన్ని తిట్టకండి. డాక్టర్ పని దగ్గర్నుంచి చూశాక ఎందుకు కావాలనిపించిందో రాయండి.

జులైలో కాలేజీల నుంచి సెకండరీ ప్రశ్నలు, అంటే ఒక్కో కాలేజీ విడిగా రాయమనే జవాబులు, కట్టలుకట్టలుగా వస్తాయి. రెండు వారాల్లో తిప్పి పంపాలన్నది అందరూ పాటించే లెక్క. ఇరవై కాలేజీలకు వేసినవాళ్లు ఆ నెలలో ఆఫీసులో కొత్త ప్రాజెక్టు ఒప్పుకోకూడదు, ఇండియా టికెట్లు కూడా కొనకూడదు. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వ కాలేజీల అప్లికేషన్ వేరే, అదీ మేలోనే మొదలవుతుంది. సీట్లలో దాదాపు తొంభై శాతం ఆ రాష్ట్రం వాళ్లకే, కాబట్టి డాలస్, హ్యూస్టన్ వాళ్లు ఆ అవకాశం ఉండగా వేరే రాష్ట్రానికి మారడం గురించి రెండుసార్లు ఆలోచించాలి. డీవో (ఆస్టియోపతిక్ మెడిసిన్, అదీ డాక్టర్ డిగ్రీయే) కాలేజీలది ఇంకో అప్లికేషన్.

డబ్బు, రాజీనామా

2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్ (డిగ్రీ తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే పెద్ద అప్పు) లేదు. మెడిసిన్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్ల వరకే, అదీ గ్రీన్‌కార్డు వాళ్లకీ సిటిజన్లకీ ప్రధానంగా. చాలా ప్రైవేటు కాలేజీల్లో నాలుగేళ్ల ఖర్చు 3 లక్షలు దాటుతుంది. అందుకని కోర్సులు చదివే ఏళ్లలో జీతం వదులుకోకపోవడం ఇప్పుడు ఇంకా అవసరం.

ఎండీ కాలేజీల సీటు కబుర్లు అక్టోబర్ 15 ముందు రావు, ఇంటర్వ్యూలు వసంతం దాకా సాగుతాయి, ఒకటికి మించి సీట్లు వచ్చినవాళ్లు ఏప్రిల్ 30 నాటికి ఒకదాన్ని ఉంచుకుని మిగతావి వదలాలి. అప్పుడు వెయిటింగ్ లిస్టులు కదులుతాయి, కొందరికి జులైలో ఫోన్ వస్తుంది. అప్లికేషన్ వేసినప్పుడు కాదు, సీటు ఖాయమని చేతికి రాతలో వచ్చాక, హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా నడుస్తుందో హెచ్ఆర్‌ని అడిగి, ఆ తేదీ చూసుకుని రాజీనామా పెట్టండి.